ఐదో మాట, నల్లా కేసు

పండుగ వార్తను పండుగకు ముందురోజే రాసిపెట్టుకోవడం మా రోజుల్లో తప్పు కాదు, తెలివి. దీపావళి, రంజాన్, బోనాలు, క్రిస్మస్, ఏది వచ్చినా డెస్కు మీద ఒకే వాక్యం తయారుగా ఉండేది. "జంట నగరాల ప్రజలు పండుగను ఆనందోత్సాహాలతో జరుపుకున్నారు" అని. పండుగ పేరు ఒక్కటి తగిలిస్తే చాలు, మిగతాదంతా నిరుడు కంపోజు చేసిందే. ఇప్పటి పిల్లలు కంప్యూటర్లో పాత వార్తను కాపీ చేసి అతికిస్తుంటే పెద్దవాళ్లు విసుక్కుంటారు. నేను విసుక్కోను. మేం అదే పనిని సీసపు అక్షరాలతో చేశాం.

మా డెస్కులో ఒక సబ్ ఎడిటరు ఉండేవాడు. చాలా చురుకైనవాడు. ఒక ఏడాది గుడ్ ఫ్రైడే వచ్చింది. మావాడు పండుగ పేరు చూశాడు, అందులో మంచి అనే మాట ఉంది, ఇంకేం కావాలి? వాక్యంలో తగిలించి కిందికి పంపేశాడు. మర్నాడు ఉదయం, జంట నగరాల క్రైస్తవులు యేసుక్రీస్తు మరణాన్ని ఆనందోత్సాహాలతో జరుపుకున్నట్టు మా పత్రికలో వచ్చింది.

ఫోన్లు చాలా వచ్చాయి. మనిషి మాత్రం ఒక్కరే వచ్చారు. ఉప్పుగూడ రైల్వేస్టేషను దగ్గరున్న ఒక చిన్న చర్చి పాస్టరు. సన్నటి మనిషి, చంకలో నల్ల గొడుగు. కోపంగా ఉంటాడనుకుని న్యూస్ ఎడిటరు ముందే లేచి నిలబడ్డాడు.

"ఏం లేదు సార్," అన్నాడు పాస్టరు కూర్చుంటూ. "నిన్న మేం ఏడ్చినం. ఇయ్యాల పేపర్ల మస్తు ఖుషీ అయినమని వచ్చింది. మా సంఘపోళ్లు నన్ను అడుగుతున్నరు, అయ్యా, మనం ఏడ్సుడు గిట్ల తక్కువైందా అని."

న్యూస్ ఎడిటరు క్షమాపణ చెప్పి, టీ తెప్పించి, టీ సగమయ్యాక తన అసలు స్వభావంలోకి వచ్చాడు. "అయినా చనిపోయిన రోజుకు మంచి శుక్రవారమని పేరు పెట్టుకున్నారేమిటండీ? మావాడు పేరు చూసి మోసపోయాడు."

"మీవాడు రాసింది పూరా తప్పని గూడ అనలేను సార్," అన్నాడు పాస్టరు. "అదే మా తిప్పలు."

ఆయన వెళ్లిపోయాక న్యూస్ ఎడిటరు గదిలో అటూ ఇటూ తిరిగాడు. ఆయన దేవుణ్ణి నమ్మేవాడు కాదు కానీ వార్తను నమ్మేవాడు. "మనిషి చచ్చిపోవడం వార్త కాదు. నయాపూల్ మీద నిలబడితే రోజూ నాలుగు పాడెలు కనబడతాయి. చచ్చినవాడు మూడోనాడు లేవడం వార్త. మరి వీళ్లు ఆదివారాన్ని వదిలి శుక్రవారాన్ని పట్టుకు వేలాడతారేం? మెళ్లో వేసుకునేది సిలువ, గోడకు కొట్టేది సిలువ, గోపురం మీద సిలువ. ఖాళీ సమాధిని ఎవరైనా మెళ్లో వేసుకున్నారా?" అని నావైపు తిరిగాడు. "వచ్చే ఏడు నువ్వు వెళ్లు. కనుక్కురా."

నేను అప్పుడు కోస్తా నుంచి వచ్చి సైదాబాద్‌లో ఒక గది అద్దెకు తీసుకుని, పాతబస్తీ వార్తలు చూసేవాణ్ణి. మావైపు కుళాయిలనే నల్లాలు, మురుగు పారే మోరీలు, పోలీసు ఠాణాలు, నయాపూల్ దగ్గర కోర్టులు. వీటిలో దేవుడెక్కడా తగల్లేదు. తగులుతాడని అనుకోనూ లేదు.

మరుసటి ఏడాది ఎండలు ముదిరే వేళకు ఆ పాస్టరు నాకు మళ్లీ కనిపించాడు. చర్చిలో కాదు, కోర్టు వరండాలో. ఒకే బల్ల మీద ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో గొడుగుతో పాస్టరు. ఎడమవైపు ఖాకీ చొక్కా మనిషి, గోళ్ల సందుల్లో ఇంజను నూనె నలుపు. కుడివైపు ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కా మనిషి, జేబులో రెండు కలాలు.

"పాస్టరుగారూ, వాయిదా పడిందని ఆయనకు చెప్పండి," అన్నాడు తెల్లచొక్కా.

"అయ్యా, నాకు చెవులున్నయని ఆయనకు జెప్పుండ్రి," అన్నాడు ఖాకీచొక్కా.

పాస్టరు కుడివైపు తిరిగి, "చెవులున్నయంట," అన్నాడు.

"సంతోషం. వాటి మధ్యలో ఇంకేదైనా ఉంటే బావుండేదని చెప్పండి."

"ఇగో, ఇది నేను జెప్ప," అన్నాడు పాస్టరు.

వాళ్లిద్దరూ ఒకే బస్సెక్కారు. ఒకడు ముందు తలుపు నుంచి, ఇంకొకడు వెనక తలుపు నుంచి. పాస్టరును నేను ఇరానీ హోటలుకు తీసుకెళ్లాను. అక్కడ నాకు కథంతా తెలిసింది.

ఖాకీచొక్కా ఆయన రైల్వే షెడ్డులో ఫిట్టరు, ఉప్పుగూడలోనే పుట్టి పెరిగినవాడు. తెల్లచొక్కా ఆయన ప్రభుత్వ ఆఫీసులో హెడ్ క్లర్కు, మావైపు నుంచి వచ్చి ఫిట్టరు పక్కనే ఇల్లు కట్టుకున్నవాడు. ఇద్దరూ ఆ చర్చిలో పెద్దలు. రెండిళ్లకూ కలిపి ఒకటే నల్లా. అది ఫిట్టరు పేరు మీద, ఫిట్టరు జాగాలో ఉంది. ఏళ్ల తరబడి ఇద్దరి భార్యలూ ఒకే నల్లా కింద బిందెలు పెట్టుకుని, నీళ్లు వచ్చేదాకా ముచ్చట్లు పెట్టుకునేవారు. ఒక ఎండాకాలం నీళ్లు సన్నగా వచ్చాయి. ఎవరి బిందె ముందు అన్నచోట మాట పెరిగింది. ఆడవాళ్లైతే సర్దుకునేవారే, మగవాళ్లు న్యాయం చెప్పడానికి వచ్చారు. హెడ్ క్లర్కు, "మీకు ఒక పద్ధతీ తెలియదు, పాడూ తెలియదు," అన్నాడు. ఫిట్టరు, "నా నల్లా, నా ఊరు, నాకు తెల్వదా?" అన్నాడు. మర్నాడు సెలవుపెట్టి ఇటుకలు తెచ్చి నల్లా చుట్టూ గోడ కట్టాడు. హెడ్ క్లర్కు కోర్టులో దావా వేశాడు.

"ఇగ ఇప్పుడు," అన్నాడు పాస్టరు చాయ్ సాసరులో పోసుకుంటూ, "ఆయమ్మ పట్టాలు దాటి అవుతల బాయికాడికి పోయి నీళ్లు మోస్తున్నది. మా సంఘం అంత ఉన్నదే గుప్పెడు మంది. సగం మంది ఈయన దిక్కు, సగం మంది ఆయన దిక్కు. క్లర్కు దిక్కోళ్లు సైదాబాదుల ఒక హాలు జూసుకున్నరు. పండుగ అయినంక వాయిదా ఉన్నది. ఎవరు గెల్చినా ఓడినోళ్లు లేసి పోతరు. నల్లా చుట్టూ కట్టిన గోడ వచ్చి నా చర్చి నడుమ నిలబడ్తది."

నేను సందు చూసుకుని న్యూస్ ఎడిటరు ప్రశ్న అడిగేశాను. ఆదివారం కదా అసలు వార్త, శుక్రవారానికి ఇంత పట్టింపు ఎందుకని.

ఆయన సాసరు కింద పెట్టాడు. "లేసుడు దేవుని పని సార్. దాంట్ల మా చెయ్యి లేదు, మేం నిద్రలున్నం. శుక్రవారంల మా చెయ్యి ఉన్నది. సుత్తె పట్టుకున్న చెయ్యి మాదే. ఆయన మా కోసం చచ్చిండని పాటలు పాడుడు అల్కగనే ఉంటది. మా వల్ల చచ్చిండని ఒప్పుకునుడున్నది సూడుండ్రి, అది గొంతు దిగది. దిగినోనికే ఆదివారం." ఒక్క క్షణం ఆగి నవ్వాడు. "ఇది మంచిగ జెప్పిన్నా? ఏటా జెప్త. ఎవ్వరికి ఎక్కది. మట్టల ఆదివారం రండి, చీట్లేస్తం."

ఆ చీట్ల సంగతి చెప్పాలి. గుడ్ ఫ్రైడే రోజు మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు ఆరాధన. యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. చాలాచోట్ల పాస్టరే పంచిపెడతాడట. ఈ చర్చిలో అలా పంచినప్పుడల్లా లొల్లి అయ్యేది. పక్కన వేలాడుతున్న దొంగకు పరదైసులో, అంటే స్వర్గంలో, చోటిస్తానన్న రెండో మాట అందరికీ కావాలి, దానికి జనం ఏడుస్తారు. తల్లిని శిష్యుడికి అప్పజెప్పిన మూడో మాటకు ఆడవాళ్లు ఏడుస్తారు. ఐదో మాట ఎవరికీ వద్దు. అది దాహంగా ఉందన్న మాట. అంతే, చిన్నది. దాని వంతు వచ్చేసరికి రెండు గంటలు దాటుతుంది, వినేవాళ్లంతా ఉపవాసం మీద ఉంటారు, నీళ్లు కూడా తాగరు. పైన రేకులు, కింద చాపలు. అప్పుడు లేచి దాహం గురించి మాట్లాడేవాణ్ణి ఎవరు ప్రేమిస్తారు? అందుకని చీట్లు వేసి, కానుకల సంచిలో పోసి, ఎవరి చీటీ వాళ్లను తీసుకోమనేవాడు.

గుడ్ ఫ్రైడేకు ముందు వచ్చే ఆ మట్టల ఆదివారం నేను వెనక చాప మీద కూర్చుని చూశాను. హెడ్ క్లర్కు చెయ్యి పెట్టాడు. మొదటి మాట వచ్చింది, తనకు మేకులు కొడుతున్నవాళ్లకు తామేం చేస్తున్నారో తెలియదు, క్షమించమని తండ్రిని అడిగిన మాట. పక్కింటాయన మీద దావా వేసి ఉన్న మనిషికి. తర్వాత ఫిట్టరు చెయ్యి పెట్టాడు. ఐదో మాట. నల్లాకు గోడ కట్టిన మనిషికి.

చర్చి మొత్తం పాస్టరు వైపు చూసింది. ఆయన పైనున్న రేకుల వైపు చూశాడు.

"ఇది కావాలని చేసిందే," అన్నాడు హెడ్ క్లర్కు.

"అయ్యా, ఈ ఒక్కటి ఆయన నిజం మాట్లాడిండని జెప్పుండ్రి," అన్నాడు ఫిట్టరు.

కోర్టుకెక్కాక ఇద్దరికీ కుదిరిన మొదటి ఏకాభిప్రాయం అదేనట. సంచిని తిరగేసి చూసుకున్నారు కూడా. ఏమీ దొరకలేదు.

గుడ్ ఫ్రైడే రోజు నేను పదకొండున్నరకే చేరాను. సబ్ ఎడిటరు నిరుటి దెబ్బతో ఈసారి "భక్తిశ్రద్ధలతో" అని మార్చి వార్తను ముందే కంపోజుకు పంపేశాడు. కాబట్టి నాకు తొందరేమీ లేదు. చర్చి ఎదురుగా సైకిళ్లు బాగుచేసే భాయ్ దుకాణం ఉండేది. రోజంతా రేడియో మోగించే మనిషి, ఆ ఒక్కరోజు తనంతట తానే కట్టేసేవాడు. లోపల అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. ఫిట్టరు మగవాళ్ల వైపు మూడో చాప మీద. హెడ్ క్లర్కు ముందు కుర్చీలో, చేతిలో మడతపెట్టిన కాగితాలు. పాస్టరు బల్ల మీద అలారం గడియారం పెట్టాడు. అది హెడ్ క్లర్కు కోసమే అని అందరికీ తెలుసు.

హెడ్ క్లర్కు బాగా మాట్లాడాడు. మావైపు వాళ్లకు మాటలకు కొదవ లేదు. కల్వరి కొండ, సుత్తి దెబ్బలు, ఎండ, అన్నీ కళ్లకు కట్టించాడు. శత్రువు క్షమాపణ అడిగేదాకా ఆగితే అది క్షమ కాదు, వ్యాపారం అన్నాడు. నేను రాసుకున్నాను. అలారం మోగడానికి ముందు కాగితాలు మడిచి, కళ్లద్దాలు తీసి, గొంతు తగ్గించాడు.

"ఈ రోజు నేనొక పని చేయదలిచాను. నా ఇంటికి నీళ్లు రాకుండా గోడ కట్టిన సోదరుడొకరున్నారు. పేరు చెప్పను. ఈ సభలోనే ఉన్నారు. మూడో చాప మీద. ఆ సోదరుణ్ణి ఈ సిలువ నీడలో నిండు మనసుతో క్షమిస్తున్నాను. పాపం, ఆయనేం చేశాడో ఆయనకు తెలియదు."

ఆడవాళ్ల వైపు నుంచి ఒక నిట్టూర్పు వచ్చింది. హెడ్ క్లర్కు కళ్లు తుడుచుకున్నాడు. నిజంగానే తడి ఉంది. ఆ మనిషి నటించలేదు, అది నేను చూశాను. మూడో చాప మీద ఫిట్టరు లేచి నిలబడ్డాడు. వచ్చి కౌగిలించుకుంటాడని అందరూ అనుకున్నారు.

"పాస్టరయ్యా, ఆయనకు జెప్పు," అన్నాడు. "నేనేం జేసిన్నో నాకు మంచిగ ఎరుకే. ఇటుక మీద ఇటుక నేనే వెట్టిన. ఆనాడు గిట్లనే అన్నడు, ఏం తెల్వదని. ఇయ్యాల దేవుని ఇంట్ల నిలబడి మల్ల గదే అంటడేంది?"

"క్షమిస్తే కూడా కోపమేనా?" అన్నాడు హెడ్ క్లర్కు తెల్లబోయి.

"నిన్ను నేను మాఫీ అడిగిన్నా? అడగకుండ ఇచ్చెటందుకు నువ్వెవరు?"

ఎటువైపు వాళ్లు అటు లేచారు. సైదాబాద్ హాలు సంగతి ఎవరో పైకే అనేశారు. గుమ్మం దగ్గరికి వచ్చి తొంగిచూసిన సైకిలు భాయ్ నన్ను అడిగాడు, "క్యా హువా సాబ్? అందర్ ఏంది లొల్లి?" మాఫ్ చేశాడని పోట్లాట అన్నాను. ఆయన నన్ను జాలిగా చూసి వెళ్లిపోయాడు.

పాస్టరు గొంతు పెంచలేదు. "కూసో బిడ్డా," అన్నాడు ఫిట్టరుతో. "అడగకుండ ఇచ్చెటందుకు నువ్వెవరని యేసయ్యను గూడ అందరు గట్లనే అడుగుతున్నరు, రెండువేల ఏండ్ల సంది. కూసో. నీది ఐదో మాట. అందాక నోరు కట్టుకో." అని తనే పాట ఎత్తుకున్నాడు. పాట మధ్యలో లేచి వెళ్లిపోవడం మర్యాద కాదు కనుక అందరూ కూర్చున్నారు. సంఘాలు నిలబడేది చాలావరకు ఇలాంటి చిన్న మర్యాదల మీదే.

రెండో మాట, మూడో మాట జరిగాయి. ఎవరూ సరిగా ఏడవలేదు. మధ్యలో జుమ్మా అజాన్ వినిపిస్తే పాస్టరు అది అయ్యేదాకా ఆగాడు, ఏటా అంతేనట. నాలుగో మాట అయ్యేసరికి రేకులు పెనంలా కాలుతున్నాయి. నా నాలుక అంగిట్లో అంటుకుపోయింది. బయట టీ తాగి రావచ్చు, నాకు ఉపవాసమేం లేదు. కానీ కదల్లేదు. పోట్లాట ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా విలేకరి లేవలేడు.

ఫిట్టరు వంతు వచ్చింది. కాగితాల్లేవు. బల్లను రెండు చేతులతో పట్టుకున్నాడు.

"దూప అయితే అడగాలె," అని మొదలుపెట్టాడు. "ఆయన దేవుడై గూడ అడిగిండు. దూపయితున్నదని నోరు దెర్సి అడిగిండు. కొందరు అడగరు. కోర్టుకు పోతరు."

తన వైపువాళ్లు నవ్వారు. హెడ్ క్లర్కు చెవులు ఎర్రబడ్డాయి. ఫిట్టరుకు ఊపు వచ్చింది.

"అడిగితే ఏమైంది? ఆడ ఉన్నదెవరు? సిపాయిలు. మేకులు గొట్టినోళ్లు. ఆళ్లు ఏం జేసిండ్రు? పులిసిన రసంల స్పంజి ముంచి, కర్రకు గుచ్చి, నోటికాడికి..."

అక్కడ ఆగాడు. మరిచిపోయాడనుకున్నాం. పాస్టరు అందించబోయాడు. ఫిట్టరు చెయ్యెత్తి వద్దన్నాడు.

"ఇచ్చిండ్రు," అన్నాడు నెమ్మదిగా. "మేకులు గొట్టినోళ్లు గూడ ఇచ్చిండ్రు. పులిసిందో, పాడైందో. ఇచ్చిండ్రు గదా."

ఆడవాళ్ల వైపు చూశాడు. హెడ్ క్లర్కు భార్య తల వంచుకుని కూర్చుంది.

"వదినె బిందె వట్టుకొని పట్టాలు దాటి పోతాంటే నేను అరుగు మీద కూసొని సూసిన. రోజు సూసిన. ఎండాకాలమంత సూసిన." ఇంకేదో అనబోయాడు. గొంతు ఎండిపోయింది. "గంతే," అని బల్ల వదిలేసి, చాపల మధ్య నుంచి నడిచి, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు.

అలారం గడియారంలో ఆయనకు ఇంకా చాలా సమయం ఉంది. ఆరో మాట చెప్పాల్సినాయన లేచి, సిద్ధం చేసుకున్నది పక్కనపెట్టి, అంతా ముగిసిందని రెండు ముక్కలు చెప్పి కూర్చున్నాడు. ఏడో మాట నాకు గుర్తులేదు. మూడింటికి ఆరాధన ముగిసింది. నిశ్శబ్దంగా ఇళ్లకు వెళ్లడం ఆచారం. ఆ రోజు మాత్రం అందరూ ఒకే ఇంటివైపు నిశ్శబ్దంగా వెళ్లారు.

సందు చివర ఫిట్టరు నేల మీద కూర్చుని ఉన్నాడు. పక్కన గడ్డపార. నల్లా గోడ కూలిపోలేదు. హెడ్ క్లర్కు ఇంటివైపు మాత్రం బిందె పట్టేంత సందు తెరిచి ఉంది. తీసిన ఇటుకలు పొందిగ్గా పేర్చి ఉన్నాయి, షెడ్డు పనివాడి అలవాటు ఎక్కడికి పోతుంది? ఫిట్టరు తెల్లబట్టల నిండా ఎర్రదుమ్ము.

"పాస్టరయ్యా, ఆయనకు జెప్పు..." అని మొదలుపెట్టి ఆగాడు. తలెత్తి హెడ్ క్లర్కును చూశాడు. "అన్నా. నాలుగింటికి నల్లా వస్తది. వదినెను బిందె పెట్టుమను."

"అది సరే, కానీ సూత్రప్రాయంగా ఈ గోడ..." అన్నాడు హెడ్ క్లర్కు.

"మీరిక ఆపండి," అంది ఆయన భార్య. "మధ్యాహ్నం నుంచీ వింటూనే ఉన్నాం." అని లోపలికెళ్లి బిందె తెచ్చింది.

ఫిట్టరు లేచాడు. "నువ్వు జేసిన మాఫీ నాకు మంచిగనిపియ్యలే. ఇప్పటికి మంచిగనిపిస్తలేదు. గని తీసుకుంటున్న. ఏం జెయ్యాలె మరి, జేసింది నేనే గద."

హెడ్ క్లర్కు ముఖం విప్పారింది. చెయ్యి చాచాడు. ఫిట్టరు ఆ చెయ్యి అందుకోలేదు.

"ఆగు. ఒక్క నల్లా కోసం నన్ను కోర్టు మెట్లెక్కిచ్చినవ్. నా ఇంటిదాని పేరు గూడ కాయితంల ఎక్కిచ్చినవ్. దానికి నిన్ను నేను మాఫ్ జేస్తున్న."

"నన్నా?" అన్నాడు హెడ్ క్లర్కు. "నన్నెందుకు? నేను చట్టప్రకారం..."

"ఎట్లున్నది?" అన్నాడు ఫిట్టరు.

ఆ ముఖాన్ని నేను ఇప్పటికీ వర్ణించలేను. పచ్చి కాకరకాయ నమిలిన మనిషి ముఖం కొంత దగ్గరగా ఉంటుంది. చుట్టూ సంఘం మొత్తం నిలబడి ఉంది. మధ్యాహ్నం అంత ధారాళంగా ఇచ్చిన మనిషికి, ఇప్పుడు పుచ్చుకోవడానికి చెయ్యి రావడంలేదు. క్షమించడం కష్టమని జీవితమంతా విన్నాను. క్షమింపబడటం అంతకంటే కష్టమని ఆ సందులో చూశాను. తప్పు లేనివాడికి దాని అవసరమే ఉండదు. కాబట్టి చెయ్యి చాచగానే, తప్పుందని ఒప్పుకున్నట్టే. గొంతు దిగదని పాస్టరు ఇరానీ హోటల్లో చెప్పింది ఇదే కాబోలు అనుకున్నాను.

ఫిట్టరు భార్య అప్పటిదాకా గుమ్మంలోనే నిలబడి ఉంది. ఆమె లోపలికెళ్లి కుండలోంచి చెంబుడు నీళ్లు ముంచి తెచ్చి, గోడలో తీసిన సందులోంచి చెయ్యి చాచింది. చెంబు హెడ్ క్లర్కు ముందుకు వచ్చింది. ఉపవాసం విడిచే వేళ దాటింది. ఆయన పెదాలు పగిలిపోయి ఉన్నాయి. చెంబు వంక చూశాడు, భార్య వంక చూశాడు, పాస్టరు వంక చూశాడు. పాస్టరు ఈసారీ పైకి చూశాడు, కానీ అక్కడ రేకులు లేవు.

హెడ్ క్లర్కు చెంబు అందుకుని ఆగకుండా తాగాడు. చొక్కా ముందంతా తడిసింది.

"ఎట్లున్నయ్ నీళ్లు?" అన్నాడు ఫిట్టరు.

"కొంచెం చప్పగా ఉన్నాయి."

"కృష్ణ నీళ్లు గావాల్నా నీకు? మాఫీ తోటి గివ్వే వస్తయ్."

ముందు ఆడవాళ్లు నవ్వారు.

ఆఫీసుకొచ్చి న్యూస్ ఎడిటరుకు అంతా చెప్పాను. ఆయన పెన్సిలు చెవి వెనక పెట్టుకుని ఆసాంతం విన్నాడు, ఆయన విషయంలో అదే ఒక వార్త. "బావుంది. కానీ వెయ్యడానికి ఏముంది? పొరుగువాళ్లు రాజీపడ్డారని ఎవరైనా వేస్తారా? కొట్టుకుని ఉంటే సింగిల్ కాలమ్ ఇచ్చేవాణ్ణి," అన్నాడు. మర్నాటి పత్రికలో, జంట నగరాల్లో గుడ్ ఫ్రైడేను భక్తిశ్రద్ధలతో పాటించారని వచ్చింది. తప్పేమీ లేదు. ఎవరూ ఫోను చెయ్యలేదు.

"ఆదివారం కూడా వెళ్లు," అన్నాడు ఆయన లేచేముందు. "నీ శుక్రవారం సంగతి సరే, అసలు వార్త అక్కడుందేమో చూడు."

వెళ్లాను. ఈస్టరు తెల్లవారుజామున ఆ సంఘమంతా పాటలు పాడుతూ వీధులు తిరుగుతుంది. స్టేషను దగ్గర ఊరేగింపు కలిసేసరికి ముందువరసలో పెద్ద లొల్లి. చేతిమైకు ఎవరు పట్టుకోవాలని. బ్యాటరీ వేసింది నేనే అని ఫిట్టరు, పాటలు నోటికొచ్చింది నాకే అని హెడ్ క్లర్కు.

"నీకు శ్రుతి తెలియదయ్యా!"

"నీకు తెల్సుగని గొంతు లేదన్నా! ఇటియ్యి!"

మైకు ఇద్దరి చేతుల మధ్య ఊగుతోంది, పోట్లాటంతా దాంట్లోంచి ఉప్పుగూడ మొత్తానికి వినబడుతోంది. ఆందోళనగా పాస్టరు కోసం చూశాను. ఆయన వరస చివర, చంకలో గొడుగుతో తీరిగ్గా నడుస్తున్నాడు. సోమవారం ఇద్దరూ కలిసి కోర్టుకెళ్లి దావా వెనక్కి తీసుకుంటున్నారని, సైదాబాద్ హాలు వద్దని కబురు పంపారని చెప్పాడు.

"నిజం చెప్పండి," అన్నాను. "ఆ చీట్లు మీరే కదా?"

"సిలువ కింద సిపాయిలు గూడ ఆయన బట్టలకు చీట్లేసిండ్రు సార్. ఆళ్లనెవ్వరన్న అడిగిండ్రా?"

"సరే, ముందు వాళ్లిద్దరూ మళ్లీ కొట్టుకునేలా ఉన్నారు. వెళ్లి ఆపరా?"

ఆయన చెవిమీద చెయ్యి పెట్టుకుని ఒక్క క్షణం విన్నాడు. ముఖం వెలిగిపోయింది.

"వింటున్నరా?" అన్నాడు. "ఒక్కసారన్న, అయ్యా ఆయనకు జెప్పుమని నా పేరు దీస్తున్నరా?"